తంగేడు పూచే వేళ: మీ కెమెరా ప్రశ్నలు

వానలు వెనక్కి తగ్గి, చెరువులు నిండి, ఆకాశం కడిగినట్టు అయ్యే ఈ రోజుల్లో ఉత్తరాలన్నీ రెండు విషయాల చుట్టూనే తిరిగాయి. ఒకటి సీతాకోకచిలుకలు, రెండోది శరత్కాలపు దృశ్యాలు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నా దగ్గర కెనాన్ 55-250 ఎస్‌టీఎం లెన్సు ఉంది. బొటానికల్ గార్డెన్‌లో వందల ఫొటోలు తీశాను. కళ్లు స్పష్టంగా వస్తే రెక్కలు మసక, రెక్కలు బాగుంటే కళ్లు మసక. మాక్రో లెన్సు (అతి దగ్గరి ఫొటోలకు వాడేది) కొంటే తప్ప లాభం లేదని మిత్రులు అంటున్నారు. కొనమంటారా? (కొండాపూర్ పాఠకుడు)

జవాబు: ఇప్పుడే కొనకండి. మీ సమస్యకు లెన్సు కారణం కాదు.

కొంచెం లెక్క చూద్దాం. మన పెరళ్లలో తిరిగే నిమ్మ సీతాకోకచిలుక (కామన్ లైమ్) రెక్కలు చాపితే 8 నుంచి 10 సెంటీమీటర్లు ఉంటుంది. మీ కెమెరా సెన్సర్ వెడల్పు 22 మిల్లీమీటర్లు. అంటే అసలు పరిమాణంలో నాలుగో వంతు, ఇంకా చెప్పాలంటే ఐదో వంతు బొమ్మ సెన్సర్ మీద పడితే చాలు, ఫ్రేము నిండిపోతుంది. మీ లెన్సు 85 సెంటీమీటర్ల దూరం నుంచే అంతకంటే కాస్త ఎక్కువ ఇస్తుంది. పెద్ద రెక్కల జాతులకు అది సరిపోతుంది. పైగా అంత దూరంలో ఉంటే పురుగు బెదరదు.

అసలు చిక్కు ఫోకస్ లోతుది. నాలుగో వంతు పరిమాణంలో లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8కి పెడితే స్పష్టంగా వచ్చే మందం దాదాపు 6 మిల్లీమీటర్లు. సగం పరిమాణానికి వెళ్తే 2 మిల్లీమీటర్లే. పూర్తి పరిమాణంలో అయితే అర మిల్లీమీటరు దాటి ఇంకాస్త, అంతే. మాక్రో లెన్సు కొని ఇంకా దగ్గరికి వెళ్తే మసక తగ్గదు, పెరుగుతుంది.

కాబట్టి ఆ 6 మిల్లీమీటర్లలోనే కన్ను, రెక్క అంచు, తోక అన్నీ పడేలా మీరు నిలబడాలి. రెక్కలు ముడుచుకుని కూర్చుంటే సరిగ్గా పక్కకు వెళ్లి, కెమెరా వీపు రెక్కకు సమాంతరంగా ఉండేలా పట్టుకోండి. రెక్కలు చాపి ఎండ కాగుతుంటే పైనుంచి, అదే సమాంతరంతో తీయండి. తీసిన వెంటనే తెరమీద పెద్దది చేసి చూడండి. తల స్పష్టంగా ఉండి తోక కరిగిపోయిందంటే, మీరు తలవైపు ఎక్కువ జరిగారన్నమాట. అరడుగు తోకవైపు జరిగి మళ్లీ తీయండి. ఎఫ్/8, ఎఫ్/11 మధ్యలోనే ఉండండి. ఎఫ్/16 దాటితే రంధ్రం మరీ చిన్నదై, డిఫ్రాక్షన్ (వెలుతురు చెదరడం) వల్ల బొమ్మంతా మెత్తబడుతుంది.

ఇక షట్టర్ వేగం సంగతి. కామన్ లైమ్, కామన్ మార్మన్ లాంటివి తేనె తాగేటప్పుడు కూడా రెక్కలు ఆడిస్తూనే ఉంటాయి. వాటికి సెకనులో 1000వ వంతు నుంచి 1600వ వంతు కావాలి. టైగర్, క్రో రకాల సీతాకోకచిలుకలు నింపాదిగా కూర్చుంటాయి కాబట్టి 400వ వంతు చాలు. దానికోసం ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 800, 1600 వరకు పెంచడానికి వెనకాడకండి. గరుకును తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన రెక్కను ఎవరూ బాగుచేయలేరు. లెన్సులో స్టెబిలైజర్ ఉందిగా అని షట్టర్ తగ్గించకండి. అది మీ చెయ్యి వణుకును ఆపుతుంది, గాలికి ఊగే పువ్వును ఆపదు. ఫోకస్ పాయింటు ఒక్కటే పెట్టి కంటి మీద ఉంచండి, ఫోకస్ మోడ్ కంటిన్యువస్‌లో పెట్టండి, నాలుగైదు ఫొటోల చిన్న బర్స్టులు (ఆపకుండా వరస ఫొటోలు) తీయండి.

గడ్డిలో తిరిగే గ్రాస్ జ్యూవెల్ లాంటి చిట్టి నీలి సీతాకోకచిలుకల సంగతి వేరు. రెక్కలు చాపినా రెండు సెంటీమీటర్లు ఉండవు. వాటికోసం మాక్రో లెన్సు కంటే ముందు 2 డయాప్టర్ల శక్తి ఉన్న, మీ లెన్సు ముందు బిగించే క్లోజప్ లెన్సు ప్రయత్నించండి. మీ లెన్సుకు 58 మిల్లీమీటర్ల సైజుది బిగుస్తుంది. జూమ్ 250 దగ్గర పెట్టి ఫోకస్‌ను అనంతానికి తిప్పితే, అర మీటరు దూరం నుంచి సగం పరిమాణం వస్తుంది, వెలుతురు కూడా తగ్గదు. ఎక్స్‌టెన్షన్ ట్యూబు (కెమెరాకూ లెన్సుకూ మధ్య పెట్టే గొట్టం) 50 మిల్లీమీటర్ల లెన్సుకు బాగా పనిచేస్తుంది. కానీ అప్పుడు పది, పదిహేను సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లాలి, ఆ లోపే సీతాకోకచిలుక లేచిపోతుంది. 250 లెన్సుకు 25 మిల్లీమీటర్ల ట్యూబు వేస్తే పెరిగేది పదో వంతే, ఖర్చు దండగ.

ప్రశ్న: ఎక్కడికి వెళ్లాలి, ఏ వేళకు వెళ్లాలి? ఆదివారం పదకొండింటికి పార్కుకు వెళ్తే అన్నీ ఎగురుతూనే ఉన్నాయి, ఒక్కటీ కూర్చోలేదు. (తార్నాక పాఠకురాలు)

జవాబు: వేళ తప్పింది. సీతాకోకచిలుకకు ఒంట్లో సొంత వేడి ఉండదు. పొద్దున్నే రెక్కలు విప్పి ఎండకు పెట్టుకుని, ఛాతీ కండరాలు వేడెక్కాకే బాగా ఎగరగలదు. అక్టోబరు మధ్యలో హైదరాబాద్‌లో సూర్యోదయం 6.10 ప్రాంతంలో. ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా అవి ఎండ కాగే సమయం, అదే మీకు పని సమయం. పదకొండుకల్లా ఒళ్లు వేడెక్కి ఉంటుంది, ఇక జతల కోసం, తిండి కోసం పరుగే. సూర్యుడు రాకముందే వెళ్తే గడ్డిపరకలకు వేలాడుతూ నిద్రలో ఉన్నవి, అదృష్టం బాగుంటే మంచుబొట్లతో సహా దొరుకుతాయి.

చోటు గురించి చెప్పాలంటే, పార్కు పేరుకంటే మొక్క పేరు తెలుసుకోవడం ముఖ్యం. ప్రతి జాతికీ గుడ్లు పెట్టే మొక్కలు కొన్నే ఉంటాయి, ఆడచిలుక వాటి దగ్గరికే మళ్లీ మళ్లీ వస్తుంది. జిల్లేడు కనబడితే ప్లెయిన్ టైగర్ వస్తుందని నమ్మకంగా కూర్చోవచ్చు. తంగేడు, రేల చెట్ల చుట్టూ లేత పసుపు ఎమిగ్రెంట్లు తిరుగుతాయి. కరివేపాకు, నిమ్మ దగ్గర లైమ్, మార్మన్. సీతాఫలం, నరమామిడి దగ్గర ఆకుపచ్చ మచ్చల టెయిల్డ్ జే. ఇంటి గేటు పక్క గన్నేరు ఉంటే ఆకుల కింద వెతకండి. కామన్ క్రో ప్యూపా (పురుగు సీతాకోకచిలుకగా మారే గూడు) అద్దంలా, వెండి పూత పూసినట్టు మెరుస్తూ వేలాడుతుంది. దాన్ని తీసేటప్పుడు మీ చొక్కా రంగు కూడా అందులో కనబడుతుంది, ముదురు రంగు బట్టలు వేసుకోండి.

గిలిగిచ్చ మొక్క ఇంకో మంచి చోటు. టైగర్లు, క్రోల మగవి దాని ఎండిన ఆకులు, కాయల దగ్గర గుంపుగా చేరి రసాయనాలు పీల్చుకుంటాయి, ఆడవాటిని ఆకర్షించే వాసనకు అవే ముడిసరుకు. ఆ పనిలో ఉన్నప్పుడు అడుగు దూరానికి వెళ్లినా పట్టించుకోవు. వాగు ఒడ్డున తడి ఇసుక మీద ఉప్పు కోసం వాలినవి కూడా అంతే. ఎవరూ పట్టించుకోని గడ్డిచామంతి పూల మీదే చిన్న జాతులు ఎక్కువ వాలతాయి.

ఈ మొక్కలు కొండాపూర్ బొటానికల్ గార్డెన్, కేబీఆర్ పార్కు, చిలుకూరు మృగవని, వనస్థలిపురం హరిణ వనస్థలి ఇలా అన్నిచోట్లా వెతుక్కోవచ్చు. ఒక రోజంతా పెట్టగలిగితే వికారాబాద్ అనంతగిరి వెళ్లండి. కెమెరాకు వేరే టికెట్టు ఉందా, ట్రైపాడ్ రానిస్తారా అన్నది గేటు దగ్గరే అడగండి. గడ్డిలో మోకాళ్ల మీద కూర్చునే పని కాబట్టి బూట్లు, మందపాటి ప్యాంటు తప్పనిసరి. కూర్చునే ముందు కర్రతో గడ్డిని తట్టండి, ఇది పాములు తిరిగే కాలం.

దగ్గరికి వెళ్లేటప్పుడు మీ నీడ దాని మీద పడకూడదు. నీడ పడిందంటే పక్షి వచ్చిందనుకుని లేస్తుంది. మూడు మీటర్ల నుంచే వంగి, నేరుగా కాకుండా ఏటవాలుగా, ఆగి ఆగి వెళ్లండి. ఎగిరిపోతే వెంటపడకండి. చాలాసార్లు అదే పువ్వుకో పక్క కొమ్మకో తిరిగి వస్తుంది.

ప్రశ్న: ఫోన్‌లో మాక్రో మోడ్ ఉంది కానీ పువ్వులు తప్ప ఏమీ రావట్లేదు. పోర్ట్రెయిట్ మోడ్‌లో తీస్తే సీతాకోకచిలుక మీసాలు మాయమవుతున్నాయి. (చందానగర్ విద్యార్థి)

జవాబు: చాలా ఫోన్లలో మాక్రో మోడ్ అల్ట్రావైడ్ కెమెరాతో నడుస్తుంది, అది రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల దగ్గరికి రమ్మంటుంది. అంత దగ్గరికి ఏ చిలుకా రానివ్వదు, ఫోను నీడే దాని మీద పడుతుంది. మెయిన్ కెమెరాను 2ఎక్స్‌లో పెట్టి, అది ఫోకస్ పట్టేంత దూరంలో ఆగి తీసి, తర్వాత కత్తిరించుకో. తెర మీద చిలుక ఉన్నచోట నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు) లాక్ అవుతాయి. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కాస్త కిందికి లాగు, రెక్కల రంగు నిలుస్తుంది. తర్వాత బర్స్ట్.

పోర్ట్రెయిట్ మోడ్ వద్దు. అందులో వెనక మసక లెన్సు వల్ల వచ్చేది కాదు, అంచులు ఎక్కడున్నాయో సాఫ్ట్‌వేర్ ఊహించి మసక పూస్తుంది. వెంట్రుకంత సన్నటి మీసాలు, కాళ్లు దానికి కనబడవు, వాటిని కూడా వెనక దృశ్యంలో కలిపేస్తుంది. వెనక సహజంగా మసకబారాలంటే పువ్వుకు వెనకాల ఒకటి రెండు మీటర్లు ఖాళీ ఉండే కోణం వెతుక్కుంటే చాలు.

ప్రశ్న: బతుకమ్మ రోజుల్లో తంగేడు తీస్తే పసుపు ముద్దలా వస్తోంది, రేకులే కనబడవు. తెల్ల సీతాకోకచిలుకలు కూడా కాగితం ముక్కల్లా వస్తున్నాయి. (ఘట్‌కేసర్ పాఠకుడు)

జవాబు: రెండూ ఒకే జబ్బులా కనిపిస్తాయి కానీ కారణాలు వేరు.

కెమెరాకు పసుపు అంటే ఎరుపు, ఆకుపచ్చ కలిసినది. తంగేడు లాంటి చిక్కటి పసుపులో ఎరుపు చానల్ ముందుగా నిండిపోతుంది. మామూలు హిస్టోగ్రామ్ (వెలుతురు పంపకం చూపే గ్రాఫు) మొత్తం వెలుతురునే చూపిస్తుంది కాబట్టి అంతా బాగానే ఉన్నట్టు కనబడుతుంది. లోపల మాత్రం రేకుకూ రేకుకూ తేడా చూపాల్సిన సమాచారం పోయి ఉంటుంది. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ తెరిచి, ఎరుపు గీత కుడి గోడకు తగలకుండా ఎక్స్‌పోజర్‌ను మైనస్ 0.7 నుంచి మైనస్ 1 వరకు తగ్గించండి. పిక్చర్ స్టైల్ వివిడ్‌లోనో ల్యాండ్‌స్కేప్‌లోనో ఉంటే స్టాండర్డ్‌కో న్యూట్రల్‌కో మార్చండి. రా ఫైలులో (కెమెరా సవరించని ముడి ఫొటో) తీస్తే తర్వాత కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు. నడినెత్తి ఎండలో కాకుండా పల్చటి మబ్బు కింద తీయండి. లేదా పొద్దున సూర్యుడు పువ్వు వెనక ఉన్నప్పుడు తీస్తే రేకు లోపలి ఈనెలు గీసినట్టు కనబడతాయి. పసుపు మీద పసుపు పడకుండా వెనక తంగేడు ఆకులు నీడలో ఉండే కోణం ఎంచుకోండి.

తెల్ల చిలుకల విషయంలో అది ఫ్రేములో ఎంత భాగం ఉందన్నదే లెక్క. ముదురు ఆకుల మధ్య చిన్నగా ఉంటే కెమెరా ఆకుల చీకటిని చూసి వెలుతురు పెంచుతుంది, తెలుపు కాలిపోతుంది. అప్పుడు మైనస్ 0.7. అదే తెల్ల రెక్క ఫ్రేమంతా నిండితే కెమెరా దాన్ని బూడిద రంగు చేస్తుంది, అప్పుడు ప్లస్ 0.7. నల్లటి క్రో ఫ్రేము నిండితే దీనికి తలకిందులు, తగ్గించాలి. గునుగు పూలకూ ఇదే సూత్రం, వెండి రంగు మొనలు తొందరగా కాలిపోతాయి.

ప్రశ్న: విదేశాల్లో ఆటమ్ అంటే చెట్లన్నీ ఎర్రగా, బంగారంగా ఉంటాయి. మన హైదరాబాద్‌లో అలాంటి దృశ్యాలు ఎక్కడ దొరుకుతాయి? (మాదాపూర్ పాఠకుడు)

జవాబు: అక్టోబరులో ఇక్కడ అలాంటివి దొరకవండీ, వెతికి నిరాశపడొద్దు. చలి దేశాల్లో పగలు తగ్గి, రాత్రులు చల్లబడేసరికి చెట్లు ఆకుల్లోని పచ్చదనాన్ని వెనక్కి తీసుకుంటాయి. మన దగ్గర ఆకు రాలడానికి ముఖ్య కారణం నేలలో తడి ఆరడం, అది శిశిరం పని. టేకు అప్పుడే బోడి అవుతుంది. బాదం చెట్టు ఆకులు ఎర్రబడేదీ ఎక్కువగా సంక్రాంతి దాటాకే. వీధిలో ఒక్క బాదం చెట్టున్నా, జనవరి, ఫిబ్రవరిలో ఉదయపు ఎండకు ఎదురుగా నిలబడి ఆకు వెనక నుంచి వెలుతురు వచ్చేలా తీయండి, మీరు కోరుకున్న ఎరుపు అక్కడ ఉంటుంది.

మన శరత్తు రంగులు వేరు: రెల్లు తెలుపు, తంగేడు పసుపు, గునుగు వెండి గులాబీ, వాన కడిగిన నీలం, నిండిన చెరువు. ఇవన్నీ ఆశ్వయుజం, కార్తీకంలో ఒకేసారి కనబడతాయి. ఈ నగరంలో ఫొటోగ్రాఫర్‌కు ఇంతకంటే మంచి రెండు నెలలు ఏడాదిలో లేవు.

రెల్లు దుబ్బులు చెరువు గట్ల మీద, వాగుల పక్క, ఔటర్ దాటాక ఖాళీ జాగాల్లో ఉంటాయి. అక్టోబరు మధ్యలో సూర్యాస్తమయం ఆరింటికి కొన్ని నిమిషాల ముందు. ఐదుకల్లా చోటు చూసుకుని, సూర్యుడు రెల్లు వెనక ఉండేలా కింద కూర్చోండి. ప్రతి కంకికీ వెలుగు అంచు వస్తుంది. సూర్యుణ్ని ఒక దుబ్బు చాటున దాచండి, లేకపోతే లెన్సులో పొర కమ్మినట్టు వెలుగు మరకలు పడతాయి. లెన్సు హుడ్ తీయకండి. గాలి ఉంటే 250వ వంతు షట్టర్. లేదా ట్రైపాడ్ మీద పావు సెకను పెట్టి ఊగనివ్వండి, పాలు ఒలికినట్టు వస్తుంది. మధ్యలో 30వ వంతు, 60వ వంతు మాత్రం వద్దు, అది పొరపాటున కదిలినట్టే కనబడుతుంది.

వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఆటోలో ఉంటే సాయంత్రపు బంగారు రంగును తప్పనుకుని కెమెరా కొంత చల్లార్చేస్తుంది. డేలైట్‌లో, లేదా 5200 కెల్విన్ దగ్గర స్థిరంగా పెట్టండి. పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) ఉంటే, ఆకాశం నీలం మీద అది సూర్యుడు మీకు సరిగ్గా పక్కన ఉన్నప్పుడే పూర్తిగా పనిచేస్తుంది, ఎదురుగా గానీ వీపు వెనక గానీ ఉంటే దండగే. తడి ఆకుల మెరుపు తీసేసి అసలు రంగు చూపిస్తుంది, బదులుగా ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు తింటుంది (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది). చెరువులో మబ్బుల నీడ తీసేటప్పుడు దాన్ని నెమ్మదిగా తిప్పుతూ చూడండి, ఒక హద్దు దాటితే నీడే చెరిగిపోతుంది.

ఖాజాగూడ బండరాళ్లను కూడా ఈ రోజుల్లోనే తీయండి. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అది. వాన నీరు నిలిచిన గుంటలు, పగుళ్లలో మొలిచిన గడ్డి ఏటవాలు ఎండలోనే తేలతాయి. గండిపేట వైపు నవంబరు ఉదయాల్లో పొగమంచు ఉంటే ఎక్స్‌పోజర్ ప్లస్ 0.7 పెంచండి, లేకపోతే మంచు మురికి బూడిదలా వస్తుంది.

చెట్టంతా ఎర్రబడాల్సిందే అంటే కాశ్మీర్ వెళ్లాలి. శ్రీనగర్‌లో చినార్లు అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు రెండో వారం లోపు బాగా రంగెక్కుతాయి. నసీం బాగ్, నిషాత్ బాగ్ చూడండి. చలికి బ్యాటరీ తొందరగా పడిపోతుంది, రెండోది లోపలి జేబులో వెచ్చగా ఉంచుకోండి.

ప్రశ్న: ప్లెయిన్ టైగర్ అని పెట్టిన ఫొటోకు అది ఎగ్‌ఫ్లై అని ఒకరు చెప్పారు. తేడా ఎలా తెలుస్తుంది? (సైనిక్‌పురి పాఠకురాలు)

జవాబు: డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది ప్లెయిన్ టైగర్ వేషం వేస్తుంది. జిల్లేడు తిని పెరిగిన టైగర్ చేదుగా ఉంటుంది, పక్షులు దాన్ని ముట్టవు. ఆ భయాన్ని ఇది వాడుకుంటుంది. వెనక రెక్క చూడండి. మధ్యలో మూడు నాలుగు నల్ల మచ్చలుంటే టైగర్, ముందంచు దగ్గర ఒక్కటే ఉంటే ఎగ్‌ఫ్లై. అందుకే గుర్తింపు కోసం రెక్కల పైభాగం, అడుగుభాగం రెండూ తీసి పెట్టుకోండి. దగ్గర్లో గంగవాయిలి కూర ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది, ఎగ్‌ఫ్లై పిల్లలు ముఖ్యంగా తినేది అదే.

ప్రశ్న: సీతాకోకచిలుకను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే కదలదట. అలా చేయొచ్చా? (ఎల్బీనగర్ పాఠకుడు)

జవాబు: చేయకండి. చల్లబడిన చిలుక ఎగరలేదు, బయట వదిలిన ఆ పది నిమిషాల్లోనే చీమకో బల్లికో దొరికిపోతుంది. పట్టుకున్నప్పుడు వేళ్లకు అంటే పొడి దాని రెక్క పొలుసులే, అవి మళ్లీ రావు. కొన్ని జాతులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కూడా ఉంది. పైగా అలాంటి ఫొటో తెలిసినవాళ్ల కళ్లకు ఇట్టే దొరుకుతుంది: కాళ్లు పువ్వును పట్టుకుని ఉండవు, మీసాలు వాలిపోయి ఉంటాయి. కదలని చిలుక కావాలంటే తెల్లవారుజామున లేవండి.

ప్రశ్న: మా బాల్కనీలో కరివేపాకు కుండీ ఉంది. పక్షి రెట్టలా ఉన్న పురుగులు కనబడితే తీసేయబోయాను, మా అమ్మాయి అవి సీతాకోకచిలుక పిల్లలని ఆపింది. అవి చిలుకగా మారడం వీడియో తీయాలని దాని కోరిక. ఎలా? (మల్కాజిగిరి గృహిణి)

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమేనండీ. లైమ్, మార్మన్ పిల్లలు చిన్నప్పుడు రెట్టలా ఉండి పక్షులను మోసం చేస్తాయి, చివరి దశలో ఆకుపచ్చగా మారతాయి. ముట్టుకుంటే తల వెనక నుంచి రెండు కొమ్ముల్లాంటి అవయవం బయటికొచ్చి ఘాటైన వాసన వేస్తుంది. అది ఒకసారి ఫొటో తీయండి చాలు, మాటిమాటికీ రెచ్చగొట్టొద్దు. కుండీకి పురుగుమందు కొట్టకండి.

గుడ్డు పొదగడానికి మూడు నాలుగు రోజులు, పురుగు దశ రెండు వారాల పైన, ప్యూపా ఎనిమిది నుంచి పది రోజులు. చలి పెరిగితే ఇంకా ఆలస్యం. ప్యూపా నడుముకు పట్టుదారం కట్టుకుని కొమ్మకు ఆనుకుని ఉంటుంది. దాన్ని కదపకండి. తప్పదంటే కొమ్మతో సహా కత్తిరించి, అదే కోణంలో కట్టండి. చుట్టూ, కింద అరచేయంత ఖాళీ ఉండాలి. రెక్కలు సాగడానికి చోటు లేకపోతే ముడతలతోనే ఆరిపోతాయి, ఇక ఆ చిలుక జన్మలో ఎగరదు.

బయటికొచ్చే ముందు రోజు ప్యూపా ముదురు రంగుకు తిరిగి, పెంకులోంచి రెక్కల మచ్చలు కనబడతాయి. ఆ రాత్రే కెమెరా బిగించండి. వచ్చేది సాధారణంగా ఉదయం పూట. ట్రైపాడ్, మాన్యువల్ ఫోకస్, మాన్యువల్ ఎక్స్‌పోజర్, స్థిరమైన వైట్ బ్యాలెన్స్ పెట్టండి. వీటిలో ఏది ఆటోలో ఉన్నా వీడియో మిణుకుమిణుకుమంటుంది. ఫ్రేములో ప్యూపా మూడో వంతు మించకూడదు, రెక్కలు విప్పాక అంతకు ఎన్నో రెట్లు చోటు కావాలి. ప్రతి 5 సెకన్లకు ఒక ఫొటో చొప్పున రెండు గంటలు తీస్తే 1440 ఫొటోలు, సెకనుకు 24 చొప్పున పేరిస్తే ఒక నిమిషం వీడియో. కానీ పెంకు చీల్చుకుని బయటపడేది ఒకటి రెండు నిమిషాల పనే. దాన్ని ఇలా విడివిడి ఫొటోలు పేర్చే టైమ్‌లాప్స్ పట్టుకోలేదు, పక్కన ఫోను పెట్టి మామూలు వీడియో తీయండి. బాల్కనీ వెలుతురు మారుతుంది కాబట్టి ఎల్‌ఈడీ లైటు ఒకటి రెండడుగుల దూరంలో పెట్టుకోండి. నేరుగా ఎండ పడనివ్వొద్దు, ఫ్యాను ఆపండి.

బయటికొచ్చాక పదీ ఇరవై నిమిషాల్లో రెక్కలు సాగుతాయి, గట్టిపడటానికి గంట, రెండు గంటలు. ఈలోగా గోధుమ రంగు నీటిబొట్లు కారితే కంగారుపడకండి, అది లోపల మిగిలిన వ్యర్థం. రోజులు దాటినా ఏమీ రాక, ప్యూపా మీద చిన్న గుండ్రటి రంధ్రం కనబడితే మాత్రం, లోపల సన్నటి కందిరీగలు పెరిగి వెళ్లిపోయాయని అర్థం. పక్క కొమ్మ మీదున్న ఇంకో ప్యూపా వైపు కెమెరా తిప్పండి.